తలకి దెబ్బ తగిలితే అందరికీ ఒకటే తీర్పు ఉండాలి



మన గోడపత్రికలో ఆటల గురించి రాసినప్పుడల్లా ఎవరు గెలిచారు, ఎన్ని గోల్స్ కొట్టారు అనే రాస్తున్నాం. ఈసారి నేను వేరే సంగతి రాస్తున్నాను. ఫుట్‌బాల్‌లో ఒకరి తలకి దెబ్బ తగిలినప్పుడు రిఫరీ ఏం చేస్తాడు? కొట్టినవాళ్ళలో ఒకడికి ఎర్ర కార్డు ఇస్తాడు. ఇంకొకడికి పసుపు కార్డు ఇస్తాడు. మరొకడికి ఏమీ ఇవ్వడు. దెబ్బ మాత్రం అందరికీ తలకే తగిలింది. ఇది ఒక కంట్లో వెన్న, ఒక కంట్లో సున్నం పెట్టినట్టు ఉంది. ఇది తప్పు అని నా అభిప్రాయం. ఎందుకు తప్పో కింద రాశాను. చదివి మీరు ఒప్పుకోకపోతే వచ్చే నెల పత్రికలో మీరూ రాయండి.

ముందు రూలు ఏమిటో చెప్తాను. ఫుట్‌బాల్ రూల్స్‌లో పన్నెండవది తప్పుల గురించి. అజాగ్రత్తగా ఆడితే ఫౌల్ మాత్రమే, కార్డు లేదు. ఎదుటివాళ్ళకి ప్రమాదం అని లెక్కచేయకుండా ఆడితే పసుపు కార్డు. మితిమీరిన బలంతో ఎదుటి ఆటగాడి ప్రాణానికి, ఒంటికి ముప్పు తెస్తే ఎర్ర కార్డు, బయటికి పోవాలి. బంతి కోసం కాకుండా కావాలని చేత్తో తల మీదగాని మొహం మీదగాని కొడితే అది కూడా ఎర్ర కార్డే, మరీ మెల్లగా తగిలితే తప్ప. చదివితే అంతా బాగానే ఉంది. కాని ‘అజాగ్రత్త’ ఎక్కడ అయిపోయి ‘ముప్పు’ ఎక్కడ మొదలవుతుందో రిఫరీయే చెప్పాలి. తేడాలన్నీ అక్కడే వస్తున్నాయి.

ఇప్పుడు జరిగినవి చూడండి.

1982 ప్రపంచకప్ సెమీఫైనల్, స్పెయిన్ దేశం సెవిల్లా నగరంలో, పశ్చిమ జర్మనీకీ ఫ్రాన్స్‌కీ. ఫ్రాన్స్ తరఫున పాట్రిక్ బాటిస్టన్ అప్పుడే మార్పిడిగా వచ్చాడు. బంతి వెంట పరిగెత్తి తన్నాడు. జర్మనీ గోల్‌కీపర్ హరాల్డ్ షూమాకర్ ఎగిరి వచ్చి నడుముతో అతని మొహం మీద గుద్దాడు. బాటిస్టన్ తెలివి తప్పి పడిపోయాడు. పళ్ళు ఊడిపోయాయి, వెన్నుపూస చిట్లింది. అతని కెప్టెన్ ప్లాటిని, అతను చనిపోయాడేమో అనుకున్నానని తర్వాత చెప్పాడు. రిఫరీ ఏం చేశాడో తెలుసా? ఎర్ర కార్డు లేదు, పసుపు కార్డు లేదు, ఫౌల్ కూడా లేదు. గోల్ కిక్ ఇచ్చాడు. అంటే బంతి జర్మనీ గోల్‌కీపర్ చేతికే! స్ట్రెచర్ మీద మనిషి పోతున్నాడు, కొట్టిన మనిషి బంతి పెట్టుకుని తన్నడానికి ఎదురు చూస్తున్నాడు. చివరికి పెనాల్టీలలో జర్మనీ గెలిచింది. అందులో ఆ గోల్‌కీపరే బంతులు ఆపాడు.

ఇది పాత సంగతి, అప్పుడు రూల్స్ గట్టిగా లేవు అని మీరు అనవచ్చు. సరే, 1994 చూద్దాం. అమెరికాలో ప్రపంచకప్. జులై 4న బ్రెజిల్, అమెరికా ఆడుతున్నాయి. బ్రెజిల్ ఆటగాడు లియొనార్డో తనని పట్టుకున్న టాబ్ రామోస్‌ని మోచేత్తో తల మీద కొట్టాడు. రామోస్ పుర్రె ఎముక చిట్లింది. రిఫరీ వెంటనే ఎర్ర కార్డు ఇచ్చాడు. తర్వాత నాలుగు మ్యాచ్‌ల నిషేధం పడింది. ఈ తీర్పు న్యాయంగా ఉంది. సరిగ్గా అయిదు రోజులకి, జులై 9న, ఇటలీ, స్పెయిన్ క్వార్టర్ ఫైనల్. ఇటలీ ఆటగాడు మౌరో టసోట్టి మోచేత్తో లూయిస్ ఎన్రికే మొహం మీద కొట్టాడు. ముక్కు ఎముక విరిగింది. తెల్ల చొక్కా అంతా రక్తం. అది పెనాల్టీ ఏరియాలో జరిగింది కాబట్టి పెనాల్టీ కిక్ కూడా రావాలి. రిఫరీ చూడలేదు. ఫౌల్ కూడా లేదు. ఇటలీ 2–1తో గెలిచింది, స్పెయిన్ ఇంటికి పోయింది. తర్వాత వీడియో చూసి టసోట్టిని ఎనిమిది మ్యాచ్‌లు ఆడకుండా నిషేధించారు. మరి స్పెయిన్‌కి పోయిన ఆట తిరిగి వచ్చిందా? రాలేదు. అదే రిఫరీకి ఆ ప్రపంచకప్ ఫైనల్ నడిపే బాధ్యత కూడా ఇచ్చారు.

ఒకే ప్రపంచకప్, ఒకే రూల్ పుస్తకం, ఒకే మోచెయ్యి. ఒకతను వెంటనే బయటికి పోయాడు, ఇంకొకతను ఆట అయ్యేదాకా ఆడి గెలిచి వెళ్ళాడు. తేడా ఎక్కడుంది? రిఫరీ కన్ను ఎటు ఉంది అన్నదాంట్లోనే ఉంది.

ఇంకా దగ్గరి కాలానికి వద్దాం. 2017 సెప్టెంబర్ 9న ఇంగ్లండ్‌లో లివర్‌పూల్ ఆటగాడు సాడియో మానే బంతి కోసం కాలు ఎత్తుగా లేపాడు. మాంచెస్టర్ సిటీ గోల్‌కీపర్ ఎడర్సన్ తలతో బంతిని కొట్టబోతే ఆ బూటు అతని మొహానికి తగిలింది. స్ట్రెచర్ మీద తీసుకుపోయారు. మానేకి ఎర్ర కార్డు. తెల్లారి సెప్టెంబర్ 10న అదే లీగ్‌లో న్యూకాజిల్ ఆటగాడు మాట్ రిచీ అలాగే కాలు ఎత్తి స్వాన్సీ ఆటగాడిని తన్నాడు. అతనికి పసుపు కార్డు. ఒక్క రాత్రి తేడాలో రూలు మారిందా? మారలేదు. రిఫరీ మారాడు. అతని మీద పడిన బూటు బలం తక్కువ కావచ్చు, నేను కాదనను. కాని కాలు తల ఎత్తుకి లేపడం అనే ప్రమాదం రెండిట్లోనూ ఉంది కదా.

కార్డు సంగతి ఒకటి. దెబ్బ తిన్న మనిషి సంగతి ఇంకొకటి. దీంట్లో కూడా ఒక పద్ధతి లేదు. 2014 ప్రపంచకప్ ఫైనల్, బ్రెజిల్‌లో మరకానా స్టేడియంలో, జర్మనీ, అర్జెంటీనా ఆడాయి. 17వ నిమిషంలో అర్జెంటీనా ఆటగాడు గరాయ్ భుజం జర్మనీ కుర్రవాడు క్రిస్టఫ్ క్రామర్ మొహానికి తగిలింది. అతను కిందపడి, లేచి, మళ్ళీ ఆడాడు. కాసేపటికి రిఫరీ రిజ్జోలి దగ్గరికి వచ్చి “ఇది ఫైనలేనా?” అని అడిగాడు. ప్రపంచకప్ ఫైనల్ ఆడుతూ అది ఫైనలో కాదో తెలియడం లేదు! రిఫరీ ఆ మాట జర్మనీ ఆటగాడికి చెప్తే, 31వ నిమిషంలో బయటికి తీసుకుపోయారు. ఆ పద్నాలుగు నిమిషాలలో అతనికి ఇంకొక దెబ్బ తగిలి ఉంటే? అదే ఆటలో జర్మనీ గోల్‌కీపర్ నోయర్ ఎగిరి బంతిని గుద్దుతూ మోకాలుతో హిగ్వాయిన్ తలని ఢీకొన్నాడు. ఫౌల్ ఇచ్చారు, కాని దెబ్బ తిన్న హిగ్వాయిన్ మీదే! చివర్లో అర్జెంటీనా ఆటగాడు అగ్వెరో చెయ్యి ష్వైన్‌స్టైగర్ మొహానికి తగిలి కంటి కింద చిట్లి రక్తం కారింది. అగ్వెరోకి అప్పటికే ఒక పసుపు కార్డు ఉంది. రెండోది ఇస్తే బయటికి పోవాలి. ఇవ్వలేదు. ఒక్క ఆటలో మూడు తలలు, మూడు తీర్పులు.

ఆ గొడవ తర్వాత అదే ఏడు సెప్టెంబర్‌లో ఫిఫా ఒక మాట చెప్పింది. తలకి దెబ్బ అని అనుమానం వస్తే రిఫరీ మూడు నిమిషాలదాకా ఆట ఆపవచ్చు, జట్టు డాక్టర్ ఒప్పుకుంటేనే ఆ మనిషి మళ్ళీ ఆడాలి. మంచిదే. కాని 2015లో మహిళల ప్రపంచకప్ సెమీఫైనల్‌లో అమెరికా అమ్మాయి మోర్గన్ బ్రయాన్, జర్మనీ అమ్మాయి అలెగ్జాండ్రా పాప్ గాలిలోకి ఎగిరి తలా తలా గుద్దుకున్నారు. ఇద్దరూ నేల మీద పడి ఉన్నారు. పాప్ తలకి రక్తం. కట్టు కట్టించుకుని ఆమె వచ్చింది, బ్రయాన్ కూడా వచ్చింది. ఇద్దరూ ఆడారు. ఇక్కడ ఎవరి తప్పూ లేదు, కార్డు అక్కరలేదు. కాని డాక్టర్ ఆ జట్టు మనిషే. జట్టు గెలవాలని ఆయనకీ ఉంటుంది. సెమీఫైనల్ రోజున మూడు నిమిషాలలో ‘వద్దు’ అని చెప్పడం ఎంత కష్టం!

మన దేశం సంగతి కూడా ఒకటి చెప్పాలి. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో ఇండియా ఫుట్‌బాల్‌లో బంగారు పతకం గెలిచింది. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం గారు మన హైదరాబాద్ వారు. ఆయన కూడా బడిపంతులే. ఆ క్రీడల్లో జర్నైల్ సింగ్‌కి తల పగిలి కుట్లు పడ్డాయి. అయినా ఆయన తలకి కట్టుతో వచ్చి సెమీఫైనల్‌లో గోల్ కొట్టాడు, ఫైనల్‌లో దక్షిణ కొరియా మీద గోల్ కొట్టాడు. మనం 2–1తో గెలిచాం. ఈ కథ విని నేను కూడా చప్పట్లు కొట్టాను. ఆయన ధైర్యాన్ని తక్కువ చేయడం లేదు. ఆ రోజుల్లో ఆట మధ్యలో మనిషిని మార్చడం ఇప్పటిలాగ లేదు. ప్రపంచకప్‌లోనే 1970లో గాని మార్పిడి రాలేదు. కాని ఇప్పుడు మార్పిడి ఉంది. అయినా మనం ఇంకా “కట్టు కట్టుకుని ఆడినవాడే మొగాడు, ఆడినదే ధైర్యవంతురాలు” అంటున్నాం. అందుకే రిఫరీ కూడా ఆపడానికి వెనకాడతాడు అని నాకనిపిస్తుంది. చూసే జనం ఎలా ఉంటే తీర్పు అలా ఉంటుంది.

తల దెబ్బ కాలి దెబ్బ లాంటిది కాదు. కాలు విరిగితే వాచిపోతుంది, అందరికీ కనిపిస్తుంది. మెదడు పుర్రె లోపల ఉంటుంది. గట్టిగా కుదుపు వస్తే అది లోపల కదిలి దెబ్బ తింటుంది. దీన్ని కంకషన్ అంటారు. తెలివి తప్పకపోయినా కంకషన్ రావచ్చు. తలనొప్పి, వాంతి, కళ్ళు తిరగడం, వెలుతురు చూడలేకపోవడం, అడిగిందే మళ్ళీ అడగడం, నిద్రమత్తు, ఇవి గుర్తులు. కొన్నిసార్లు గంటల తర్వాత గాని తెలియవు. మొదటిది మానకముందే రెండో దెబ్బ తగిలితే చాలా ప్రమాదం, ప్రాణం కూడా పోవచ్చు.

ఇది నాకు పుస్తకంలో చదివాక తెలిసింది కాదు. మా ఊళ్ళో నాకు వరసకి మావ ఒకాయన జీలుగు చెట్టు మీంచి పడ్డాడు. రక్తం ఒక్క చుక్క లేదు. దులుపుకుని లేచాడు, నవ్వాడు, అంబలి తాగాడు. “ఏం కాలేదు” అన్నాడు. అందరూ నమ్మారు. అర్ధరాత్రి వాంతులు, తెల్లారేసరికి మా అత్తనే గుర్తు పట్టలేదు. డోలీ కట్టి మోసుకుపోయారు. బతికాడు. కాని ఇప్పటికీ పోడు దారిలో మధ్యలో ఆగిపోయి ‘ఎటు పోవాలి’ అని పిల్లల్ని అడుగుతాడు. అదే దారిలో ఆయన పుట్టినప్పటినుంచి నడుస్తున్నాడు. అందుకే “ఏం కాలేదు” అనే మాట తలకి దెబ్బ తగిలినవాళ్ళు చెప్తే నేను నమ్మను. ఆ మాట చెప్పేది దెబ్బ తిన్న తలే కదా!

ఇప్పుడు రిఫరీల తరఫున మాట్లాడేవాళ్ళకి జవాబు చెప్తాను.

మొదటిది, రిఫరీ కూడా మనిషే, అన్నీ ఎలా చూస్తాడు అంటారు. నిజమే. ఇరవై ఇద్దరు పరిగెడుతుంటే ఒక్క జత కళ్ళు చాలవు. అందుకే 2018 ప్రపంచకప్ నుంచి వీడియో చూసి చెప్పే రిఫరీలని పెట్టారు. కాని అప్పుడు వాళ్ళు నాలుగు విషయాల్లోనే కలగజేసుకోవాలి అని పెట్టారు: గోల్, పెనాల్టీ, నేరుగా ఎర్ర కార్డు, ఒకరికి బదులు ఇంకొకరికి కార్డు ఇవ్వడం. అది కూడా స్పష్టంగా కనిపించే తప్పు అయితేనే. ‘స్పష్టం’ అంటే ఎంత అనేది మళ్ళీ మనిషి ఇష్టమే. తలకి తగిలిన ప్రతి దెబ్బనీ వీడియోలో తప్పనిసరిగా చూడాలి అని ఒక్క మాట రాస్తే సగం తేడా పోతుంది.

రెండోది, కావాలని కొట్టలేదు, బంతి కోసం పోయాడు అంటారు. మానే కూడా బంతి కోసమే పోయాడు. షూమాకర్ కూడా బంతి కోసమే ఎగిరానన్నాడు. మనసులో ఏముందో రిఫరీ ఎలా చూస్తాడు? మనసు చూడబోతే ఒకడికి ఒకలాగ, ఇంకొకడికి ఇంకొకలాగ కనిపిస్తుంది. తెలిసిన ఆటగాడైతే మంచివాడు అనిపిస్తుంది. అందుకని మనసు కాదు, ప్రమాదం చూడాలి. మోచెయ్యి తల ఎత్తుకి వచ్చిందా, బూటు తల ఎత్తుకి లేచిందా, గుద్దిన వేగం ఎంత, ఇవి కళ్ళతో చూడవచ్చు. మా గూడెంలో పెద్దలు తగువు తీర్చేటప్పుడు కూడా ముందు ‘పశువు చేనులో పడిందా, ఎంత మేసింది’ అని చూస్తారు. పశువు కావాలని మేసిందా అని అడగరు.

మూడోది, ఆటగాళ్ళు నాటకాలు ఆడతారు, ఊరికే తల పట్టుకుని పడిపోతారు అంటారు. ఇది కూడా నిజమే, టీవీలో మనమే చూస్తాం. దీనికి మందు సులువు. తల పట్టుకుని పడినవాళ్ళు ఎవరైనా సరే బయటికి పోయి పరీక్ష చేయించుకోవాలి, అంతవరకు వాళ్ళ బదులు వేరేవాళ్ళు ఆడాలి అంటే, ఊరికే పడిపోయేవాళ్ళు పడరు. నిజంగా తగిలినవాళ్ళకి నష్టం ఉండదు. 2024 జులై నుంచి కంకషన్ కోసం అదనంగా ఒక మార్పిడి చేసుకోవచ్చు అని ఫుట్‌బాల్ రూల్స్‌లోనే చేర్చారు. కాని అది ఆ పోటీ నడిపేవాళ్ళ ఇష్టం. పెట్టుకుంటే ఉంటుంది, లేకపోతే లేదు. ఒక పోటీలో తలకి విలువ ఉండి ఇంకొక పోటీలో ఉండకపోవడం ఏమిటి? తల తలే కదా.

ఇదంతా ఎక్కడో విదేశాల్లో డబ్బున్న ఆటగాళ్ళ సంగతి, మనకెందుకు అని మీరు అడుగుతారు. వాళ్ళకి డాక్టర్లున్నారు, వీడియో ఉంది, స్కానింగ్ ఉంది. అన్నీ ఉన్నా ఇలా జరుగుతోంది. మన గ్రౌండ్‌లో ఏముంది? ఒక విజిల్, ఒక పక్క గులకరాళ్ళు. మనం ఫుట్‌బాల్ ఆడతాం, కబడ్డీ ఆడతాం. మోకాలు, మోచెయ్యి, తల అన్నిట్లోనూ తగులుతాయి. పోయిన ఏడాది ఒక ఆటలో మా క్లాసు అమ్మాయి తలకి మోచెయ్యి తగిలింది. నీళ్ళు చల్లారు, “ఏం కాలేదు” అంది, ఆడింది. సెలక్షన్లు దగ్గర్లో ఉన్నాయి కాబట్టి చోటు పోతుందని ఆమె భయం. ఆ రాత్రి స్టడీ అవర్‌లో నన్ను ‘ఇవాళ ఏ వారం’ అని మూడుసార్లు అడిగింది. నాలుగు రోజులు బోర్డు చూస్తే తలనొప్పి. మేడం గారికి చెప్పవద్దని ఒట్టు పెట్టించుకుంది. చెప్తే ఇంటికి పంపేస్తారు, ఇంటికి పోతే మళ్ళీ రానివ్వరు, పెళ్ళి చేసేస్తారు అని. దీంట్లో ఎవరి తప్పు అని నేను రాయడం లేదు. భయం వల్ల దెబ్బ దాచుకుంటున్నాం, అది రాస్తున్నాను.

మనలో చాలామంది ఇళ్ళల్లో మనమే మొదట చదువుకుంటున్నాం. మా అమ్మా నాన్నలకి సంతకం రాదు. మనకి ఆస్తులు లేవు. మనం ఇక్కడికి తెచ్చుకున్నది తల ఒక్కటే, ఇక్కడ నేర్చుకున్నది పెట్టుకునేదీ ఆ తలలోనే. దానికి దెబ్బ తగిలితే కప్పు గెలిచి ఏం లాభం? బతికుంటే బలుసాకు తిని బతకవచ్చు అని పెద్దలు ఊరికే అనలేదు.

అందుకని మన గ్రౌండ్‌లో ఈ పద్ధతి పెట్టాలని వార్డెన్ మేడం గారిని, పీఈటీ మేడం గారిని కోరుతున్నాను.

1. ఎవరి తలకి దెబ్బ తగిలినా వెంటనే విజిల్. బంతి గోల్ దగ్గర ఉన్నా సరే.

2. దెబ్బ తగిలిన అమ్మాయి ఆ రోజుకి ఆడకూడదు. ఆమె “ఏం కాలేదు” అన్నా వినకూడదు. ఆమె బదులు వేరే అమ్మాయిని అదనంగా దింపాలి, జట్టుకి నష్టం రాకూడదు.

3. మోచెయ్యి, కాలు తల ఎత్తుకి లేపినవాళ్ళకి ఒకే శిక్ష. స్కూల్ టీం కెప్టెన్ అయినా, ఆరో తరగతి చెల్లి అయినా. తలా తలా గుద్దుకుంటే శిక్ష వద్దు, ఆపడం చాలు.

4. ఒక నోట్‌బుక్ పెట్టి తేదీ, దెబ్బ ఎలా తగిలింది, ఏ తీర్పు ఇచ్చారు అని రాయాలి. నెలకొకసారి చదివితే తీర్పులు ఒకేలాగ ఉన్నాయా లేదా అందరికీ తెలుస్తుంది.

5. ఆ రాత్రి పక్కన ఒక అమ్మాయి ఉండాలి. వాంతి అయినా, తికమకగా మాట్లాడినా ఏ సమయంలోనైనా మేడం గారిని లేపవచ్చు, తిట్టకూడదు. వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి.

6. దెబ్బ చెప్పినందుకు సెలక్షన్‌లో చోటు తీసేయకూడదు. ఇంటికి పంపేయకూడదు. ఇది లేకపోతే పైవన్నీ ఉండి కూడా ఎవరూ చెప్పరు.

దీనికి డబ్బులు అక్కరలేదు. ఒక నోట్‌బుక్ ఖర్చు. ఫిఫాకి మనం ఉత్తరం రాస్తే చదువుతారో లేదో. మన గ్రౌండ్ రిఫరీ మాత్రం ఈ గోడ ముందు నుంచే రోజూ పోతారు. ఇక్కడ మనం అందరికీ ఒకే తీర్పు పెట్టుకుందాం.

ఇట్లు
9వ తరగతి విద్యార్థిని